బేస్ ఇంజన్ పికప్, వెనక ట్రెయిలర్, మధ్యలో మొగిలి ఘాట్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. పదహారేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. ఇల్లు కగ్గదాసపురలో, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. నాన్న పోయాక నాలుగెకరాల మామిడి తోపు నా చేతికొచ్చింది. రెండు వారాలకొకసారి పోయి వస్తున్నాను. ఉన్న చిన్న కారు అమ్మేసి డబుల్ క్యాబిన్ పికప్ (రెండు వరసల సీట్లు, వెనక సామాను ట్రే ఉండే బండి) కొనాలని ఉంది. తోపులో మోటార్లు, కేబుళ్లు పోతున్నాయి కాబట్టి సామాను అక్కడ వదలాలంటే భయం. ఊళ్లో మా చిన్నాన్న ఉన్నాడు. వెనక ట్రెయిలర్ తగిలించి పవర్ టిల్లర్ (చేత్తో పట్టుకుని నడిపే దున్నే యంత్రం) తీసుకుపోవాలి, సీజన్‌లో పండ్లు తెచ్చి ఇక్కడ అపార్ట్‌మెంట్లలో అమ్మాలి. మిగతా రోజుల్లో అదే బండిలో ఆఫీసు, పాప స్కూలు. డబ్బు చూసుకుని బేస్ ఇంజన్ దగ్గర, అంటే కింది మెట్టు ఇంజన్ దగ్గర ఆగిపోదామనుకుంటున్నా. 78 హార్స్‌పవర్‌తో ట్రెయిలర్ ఏం లాగుతావని ఆఫీసులో నవ్వుతున్నారు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది మాత్రం బేస్ ఇంజన్ చాలు బావా, ఇక్కడ నాలుగు టన్నులు లాగేస్తారు అంటాడు. మా ఆవిడేమో అసలు ఆ బండి మన సందులో తిరగదు అంటోంది. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ ఆవిడ మాట. కారణం కాసేపాగి చెప్తాను, ముందు మీ బావమరిది సంగతి చూద్దాం.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే అక్కడి బేస్ వేరు, ఇక్కడి బేస్ వేరు. అమెరికాలో షెవ్రొలే సిల్వరాడోకు కింది మెట్టులో వచ్చే 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు 310 హార్స్‌పవర్ ఉంటుంది, 583 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉంటుంది. సరిగ్గా అమర్చిన బండితో 9,500 పౌండ్ల దాకా లాగొచ్చని కంపెనీయే చెబుతుంది. అంటే 4,300 కిలోలు. మన దగ్గర టొయోటా హైలక్స్‌లో వచ్చేదే పెద్ద ఇంజన్ అనుకుంటాం. ఆ 2.8 లీటర్ల డీజిల్‌కు 204 హార్స్‌పవర్. డల్లాస్‌లో బేస్ ఇంజన్ అంటే మన పై మెట్టు కంటే పైన ఉందన్నమాట. ఇక మీరు చూస్తున్నది ఇసుజు ఎస్-క్యాబ్ లాంటి బండి అనుకుంటాను: 2.5 లీటర్ల డీజిల్, 78 హార్స్‌పవర్, 176 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్లు. దానికి పైన అదే కంపెనీ హై-ల్యాండర్‌లో 1.9 లీటర్ల ఇంజన్, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు. ఇంజన్ చిన్నది, బలం రెండింతలు. ఈ రెండు బండ్లూ మన శ్రీసిటీలోనే తయారవుతాయి. మీ ఊరి నుంచి చూస్తే పొరుగే.

ఆఫీసులో నవ్వేవాళ్లకు ఒక లెక్క చెప్పండి. బండి, మీ కుటుంబం, సామాను కలిపి 2,100 కిలోలు అనుకుందాం. ట్రెయిలర్, టిల్లర్, ఎరువు బస్తాలు అన్నీ కలిపి ఒక టన్ను. మొత్తం 3,100 కిలోలు. నూరు మీటర్లు పోయేసరికి ఐదు మీటర్లు ఎక్కే దారి మీద దీన్ని 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి చక్రాల దగ్గర కావలసింది దాదాపు 30 హార్స్‌పవర్. అరవైలో ఎక్కించాలంటే దాదాపు 50. గేర్‌బాక్సులో, ఇరుసులో పోయేది పోయినా 78 హార్స్‌పవర్ ఇంజన్ ఈ పని చేస్తుంది. నింపాదిగా, మూడో గేర్‌లో, ఏసీ ఆపుకుని, వెనక బస్సువాడి హారన్ వింటూ చేస్తుంది. ఓవర్‌టేక్ చేయడానికి మాత్రం ఏమీ మిగలదు. లారీ వెనక లారీలాగా పోవాలి. అది మీ స్వభావానికి సరిపోతుందా లేదా అన్నది మీరే చెప్పాలి.

నాదీ బేస్ ఇంజనే, ఆరేళ్ల నుంచి. కంపెనీ పేరు వద్దు. మా మామగారి ఊరు చిత్తూరు పక్కన కాబట్టి మీ దారే నా దారి: హోస్కోటే, కోలారు, ముళబాగిలు, పలమనేరు. నన్ను ఈ ఆరేళ్లలో ఇంజన్ ఒక్కసారీ భయపెట్టలేదు. భయపెట్టింది ట్రెయిలర్.

మొదటి ఏడాది ఒక వెల్డింగ్ షాపులో రెండు చక్రాల ట్రెయిలర్ చేయించాను. మనిషి పనివాడే, ఇనుము మీద లోభం చూపలేదు. బ్రేకుల సంగతి మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. పశువుల కొట్టం మరమ్మతుకని దాంట్లో సిమెంటు బస్తాలు వేశాను. దించుకోవడం తేలికని అన్నీ వెనక అంచుకే సర్దాను. కోలారు దాటాక 75లో పోతుంటే వెనక ట్రెయిలర్ తోక ఆడించడం మొదలుపెట్టింది. మొదట కొద్దిగా. తర్వాత బండి వెనక భాగాన్ని పట్టుకుని అటూ ఇటూ గుంజడం. నేను చేసిన తెలివైన పని ఏమిటంటే బ్రేకు తొక్కడం! ఇంకా ఎక్కువైంది. భయంతో కాలు తీసేసి స్టీరింగ్ నేరుగా పట్టుకుంటే దానంతట అదే సద్దుమణిగింది. చేయవలసింది అదేనని తర్వాత తెలిసింది. ఒక టీ కొట్టు దగ్గర ఆపి, కొట్టతని సాయంతో బస్తాలన్నీ ముందుకు జరిపాను. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత అదే ట్రెయిలర్ ఆవుదూడలా వెంట వచ్చింది.

దీని వెనకున్న సూత్రం చిన్నదే. ట్రెయిలర్ మొత్తం బరువులో పదో వంతు, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, ట్రెయిలర్‌ను బండికి తగిలించే కొక్కెం మీద పడాలి. టన్ను ట్రెయిలర్ అయితే నూరు కిలోలు. అంతకు బాగా తగ్గితే తోక ఆడుతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనక కూలబడి ముందు చక్రాలు తేలికవుతాయి, హెడ్‌లైట్లు చింతచెట్ల కొమ్మల్ని చూపిస్తాయి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద ఒక చెక్క పెట్టి ట్రెయిలర్ ముక్కును దాని మీద ఆనించి చూసుకోండి. టిల్లర్‌ను ఇరుసుకు కొంచెం ముందుగా నిలబెట్టి కట్టాలి. ఆ నూరు కిలోలు పికప్ మోసే బరువు కిందికే వస్తాయి కాబట్టి ట్రేలో అంత తగ్గించి వేసుకోవాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

అదే ప్రయాణంలో రెండో పాఠం పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో అయింది. బెంగళూరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది, చిత్తూరు 330 దగ్గర. ఆ తేడాలో పెద్ద ముక్క ఈ ఘాట్‌లోనే దిగుతాం. ట్రెయిలర్ వెనక నుంచి నెడుతూనే ఉంది, నేను బ్రేకు మీద కాలు తీయలేదు. సగం దిగేసరికి కాలిన వాసన, పెడల్ మెత్తబడింది. పక్కకు తీసి ఆపాను. నా వెనకే ఆపిన ఒక లారీ డ్రైవర్ చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఏ గేర్‌లో ఎక్కుతావో ఆ గేర్‌లోనే దిగాలయ్యా అని, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు దిగుడు మొదలు కాకముందే రెండో గేర్‌కో మూడో గేర్‌కో తెచ్చుకుంటాను.

అందుకే మీ ప్రశ్న కొంచెం పక్కకు పోయిందంటాను. ఆస్ట్రేలియాలో కూడా టొయోటా హైలక్స్, ఇసుజు డీ-మాక్స్ పేర్లతో పికప్‌లు అమ్ముతారు. అక్కడ కంపెనీ ఇచ్చే అంకెలు చూడండి: డబుల్ క్యాబ్ బండ్లలో చాలావాటికి, బ్రేకులున్న ట్రెయిలర్ అయితే 3,500 కిలోలు, బ్రేకులు లేని ట్రెయిలర్ అయితే 750 కిలోలు. బండి మారలేదు, ఇంజన్ మారలేదు. ట్రెయిలర్‌కు తన బ్రేకులు తనకున్నాయా లేదా అన్నదొక్కటే తేడా. మీరు 163 హార్స్‌పవర్ కొన్నా, 204 కొన్నా, బ్రేకు లేని టన్ను ట్రెయిలర్ మొగిలి ఘాట్‌లో అంతే గట్టిగా నెడుతుంది. ఎక్కేటప్పుడు ఇంజన్ చాలకపోతే ఆలస్యమవుతుంది. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే ఏమవుతుందో ఆ దారిలో తిరిగే మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీరు కొనే బండికి మన దేశంలో ఎంత లాగొచ్చని రాశారో ఓనర్స్ మాన్యువల్ తెరిచి చూడండి. అంకె లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి. షోరూం అబ్బాయి నోటిమాట వారంటీ గొడవ వచ్చిన రోజు పనికిరాదు. ట్రెయిలర్‌కూ కాగితాలు కావాలి. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్‌లో చేర్చి ఉండాలి. నా మొదటి ట్రెయిలర్‌కు ఇవేవీ లేవు. రోడ్డెక్కించకూడనిదాన్ని ఎక్కించాను. దాన్ని మళ్లీ రోడ్డు మీదికి తేలేదు, ఇప్పుడు మామగారింట్లో కోళ్లగూడుకు కప్పుగా ఉంది.

ఇంతకీ ఆ టిల్లర్‌ను ప్రతిసారీ ఎందుకు మోసుకుపోవాలి? రోటరీతో కలిపి నాలుగు వందల కిలోలకు అటూ ఇటూ ఉండే వస్తువు. హ్యాండిల్ నుంచి చూస్తే పొడవు రెండున్నర మీటర్లు దాటుతుంది. డబుల్ క్యాబిన్ బండి ట్రే ఒకటిన్నర మీటరు. కాబట్టి ట్రేలో పట్టదు, ట్రెయిలర్ తప్పదు అనుకున్నారు, నిజమే. కానీ తోపులో మోటార్లూ కేబుళ్లూ పోతున్నాయన్న భయంతోనే కదా ఈ యాతనంతా. ట్రెయిలర్‌కు పెట్టే డబ్బుతో ఇనుప షట్టరు పెట్టిన చిన్న గది కట్టించండి, లేదా ఊళ్లో మీ చిన్నాన్నగారి వాకిట్లో పెట్టుకోండి. మామిడి తోపుకు ఏడాదికి దున్నేది ఎన్నిసార్లు? మీ ఉత్తరంలో ట్రెయిలర్ కావలసిన కారణం ఈ ఒక్కటే కనిపించింది. అది పోతే సగం సమస్య పోతుంది.

పండ్ల సంగతి. ప్లాస్టిక్ క్రేటుకు ఇరవై కిలోల చొప్పున ముప్పై క్రేట్లంటే ఆరు వందల కిలోలు. ఇది ట్రేలోనే వస్తుంది, మీ బండి మోసే బరువు ఎంతో చూసుకుని. తోతాపురి అంతా మీకు పక్కనే మార్కెట్ యార్డుకో పల్ప్ ఫ్యాక్టరీకో పోతుంది. బెంగళూరుకు తెచ్చేది బేనిషా, ఇమామ్ పసందు, మహా అయితే మల్లిక. ముప్పై క్రేట్లు అమ్మడానికి రెండు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు చాలు. ఇంకా కాయ ఉంటే ఆ మూడు వారాలకు ఊళ్లోనే బొలెరో పికప్ కిరాయికి పెట్టుకోండి. ఎక్కించేదీ దించేదీ కూడా వాళ్లే చూసుకుంటారు, మీ నడుము మీకు మిగులుతుంది.

ఇప్పుడు మీ ఆవిడ మాట దగ్గరికి వద్దాం. ఏడాదిలో ఘాట్ రోడ్డు మీద మీరుండేది ఇరవై ఐదు రోజులు. మిగతా రోజులన్నీ కగ్గదాసపుర సందులోనే. ఈ బండ్లు 5.2 నుంచి 5.3 మీటర్ల పొడవు. చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ గడి ఐదు మీటర్లే. ముక్కో తోకో బయటికి వస్తుంది, ఎదురింటి ఆయన మొదటి వారం చిరునవ్వుతో, రెండో వారం అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద చెప్తాడు. మీ సందు మలుపులో ఇప్పుడు ఒక్కసారిలో తిరిగే చోట మూడుసార్లు ముందుకూ వెనక్కూ పోవాలి, వెనక రెండు ఆటోలు, ఒక వాటర్ ట్యాంకర్. రివర్స్ కెమెరా లేని వేరియంట్ అయితే డబ్బు పెట్టి మరీ వేయించండి.

ఖాళీ పికప్ నడక గురించి ఎవరూ ముందు చెప్పరు. వెనక పట్టీల సస్పెన్షన్‌ను బరువు మోయడానికి చేశారు. బరువు లేకపోతే ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా వెనక సీట్లో పాప ఎగిరి పడుతుంది. టైరు గాలి ఖాళీకి ఎంత, లోడుకు ఎంత అని తలుపు పక్కన అతికించి ఉంటుంది. ఖాళీగా తిరిగే రోజుల్లో ఖాళీ అంకెనే పెట్టుకోండి, సగం కుదుపు తగ్గుతుంది. వాన పడ్డ రోజు ఖాళీ ట్రేతో వెనక చక్రాలు జారుతాయి. నేను జూన్ నుంచి నవంబరు దాకా రెండు ఇసుక బస్తాలు ట్రేలో వేసి, కదలకుండా కట్టి ఉంచుతాను. ట్రేకు మూత వేయించుకోండి. సిగ్నల్ దగ్గర కొబ్బరికాయల గోతం దించుకుపోయిన వాళ్లు నాకు తెలుసు. ఇంకొకటి, పికప్ ఉన్నవాడికి హఠాత్తుగా చుట్టాలు పెరుగుతారు. శనివారం పొద్దున ఫోన్ మోగితే ఎవరో ఇల్లు మారుతున్నారని అర్థం. కాణిపాకం పోదాం, పది మందిమి వెనక ట్రేలో కూర్చుంటాం అంటే మాత్రం మొహమాటపడకుండా కుదరదనండి. అది చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడూ చేతులెత్తేస్తాడు.

క్లచ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పొద్దున తొమ్మిదింటికి ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతారో ఒకరోజు లెక్కపెట్టండి. బేస్ బండి క్లచ్ చిన్న కారు కంటే బరువు. నాకు రెండో ఏడాదికే ఎడమ మోకాలు మాట్లాడడం మొదలుపెట్టింది. అయితే కింది ఇంజన్‌లో ఒక సుఖం ఉంది: ఇంజన్ నిమిషానికి 1,500 తిప్పులు తిరిగేసరికే ఉన్న టార్కంతా అందుతుంది కాబట్టి రెండో గేర్‌లో నత్తనడకన పోతున్నా మొరాయించదు. ట్రాఫిక్‌లో 163 హార్స్‌పవర్ వాడి కంటే నేను వెనకబడ్డది ఎప్పుడూ లేదు, ఇద్దరం అదే వాటర్ ట్యాంకర్ వెనక ఉంటాం. నా బండి ఊళ్లో లీటరుకు పది, హైవే మీద ఖాళీగా పదమూడు ఇస్తుంది. ట్రెయిలర్ ఉన్న రోజుల్లో ఎనిమిదిన్నర దాటింది లేదు.

బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ బండికి పొగలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. రోజూ ఎనిమిది కిలోమీటర్లు ఆగి ఆగి తిరిగితే మసి నిండిపోతుంది, దాన్ని కాల్చుకునేంత వేడి సైలెన్సర్‌కు ఎక్కదు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి బలం తగ్గించేసుకుంటుంది, తర్వాత వర్క్‌షాప్ బిల్లు. ఊళ్లో మాత్రమే తిరిగేవాళ్లకు నేను డీజిల్ వద్దంటాను. కానీ రెండు వారాలకొకసారి కోలారు హైవే మీద గంటసేపు ఒకే వేగంతో పోతారు కదా, ఆ ఫిల్టర్‌కు అంతకు మించిన మందు లేదు. ఏదో ఒక నెల తోపుకు పోలేకపోతే, ఆదివారం పొద్దున్నే హోస్కోటే దాటి కాస్త దూరం పోయి రండి. లైటు వెలిగి ఉండగా బండి ఆపేయకండి, ఇంకో ఇరవై నిమిషాలు నడపండి.

నంబరు బోర్డు రంగు. మీరు అడగలేదు, కానీ అసలు చిక్కు ఇదే. ఎస్-క్యాబ్ లాంటివి, బొలెరో క్యాంపర్ లాంటివి గూడ్స్ బండ్లుగా రిజిస్టర్ అవుతాయి, పసుపు బోర్డు. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, బ్రోషర్లలో 2,990 అనే అంకె కనిపించడం వెనక రహస్యం అదే. కారు లైసెన్సుతో నడపొచ్చా అన్న సందేహం కూడా తీరింది: 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ రద్దీ వేళల్లో బెంగళూరులో చాలా రోడ్ల మీద గూడ్స్ బండ్లకు ఆంక్షలుంటాయి. పాపను స్కూలుకు దించే సమయమూ, మీరు ఆఫీసుకు పోయే సమయమూ సరిగ్గా అవే. హై-ల్యాండర్ అయితే కారులాగా తెల్ల బోర్డు మీద సొంతానికి రిజిస్టర్ చేసుకోవచ్చు. చిత్తూరులో రిజిస్టర్ చేయిస్తే పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే, బండి పన్నెండు నెలలు దాటి బెంగళూరులోనే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందేనని గుర్తుంచుకోండి.

కాబట్టి నా ఓటు ఇలా. బండి తోపులో ఉండేదయితే, వారంలో నాలుగు రోజులు బరువు మోసేదయితే 78 హార్స్‌పవర్ బేస్ ఇంజన్ కళ్లు మూసుకుని కొనమనేవాణ్ని. మీ బండి కగ్గదాసపురలో ఉంటుంది, అందులో పాప కూర్చుంటుంది. మీకు 1.9 ఇంజన్, తెల్ల బోర్డు బండి సరైనది. అదీ బలం కోసం కాదు, బోర్డు రంగు కోసం, ఘాట్‌లో లారీని దాటాల్సి వచ్చినప్పుడు చేతిలో కాస్త మిగులు కోసం. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, జారకుండా పట్టుకునే ఈఎస్‌సీ ఉందా అన్నది వేరియంట్ వారీగా అడిగి చూసుకోండి. ట్రెయిలర్ ఆలోచన ఒక ఏడాది పక్కన పెట్టండి. ఆ డబ్బు అందకపోతే ఉన్న కారునే ఉంచుకుని, ఊళ్లో ఒక పాత బొలెరో పికప్ కొని మీ చిన్నాన్నగారింటి దగ్గర పెట్టుకోవడం మూడో దారి. నిజం చెప్పాలంటే మొదటి రోజు నాకెవరైనా ఈ మూడో దారి చెప్పి ఉంటే నేను అదే పట్టేవాణ్ని.

అడ్వాన్సు కట్టే ముందు టెస్ట్ డ్రైవ్ బండిని మీ ఇంటికే తెప్పించండి. ఆదివారం కాదు, బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు. స్టీరింగ్ మీ ఆవిడ చేతికివ్వండి, మీరు వెనక సీట్లో పాప చోట కూర్చోండి. సందు మలుపు, స్కూలు గేటు, తిరిగొచ్చి మీ గడిలో పార్కింగ్. కొలిచే టేపు కూడా దగ్గర పెట్టుకోండి.